సిటిజన్ కేన్ మీకు నచ్చిందా?

అమలాపురం నుంచి:
కొబ్బరి దింపు అయ్యాక, రాత్రి తీరిగ్గా కూర్చుని ‘సిటిజన్ కేన్’ చూశాను. 1941 నాటి హాలీవుడ్ సినిమా. 1962 నుంచి 2002 దాకా ‘సైట్ అండ్ సౌండ్’ అనే బ్రిటిష్ సినిమా పత్రిక పదేళ్లకోసారి పెట్టే విమర్శకుల ఓటింగ్‌లో ప్రతిసారీ అదే ఫస్ట్. కిటికీ బయట మంచులో పిల్లాడు ఆడుకుంటుంటాడు, లోపల తల్లి వాణ్ణి పంపించేసే కాగితాల మీద సంతకం పెడుతుంది. రెండూ ఒకే షాట్‌లో! ఏడుపొచ్చింది. ఆ తర్వాత మాత్రం, ఆ పిల్లాడే పెద్దయి కేన్ అయ్యాక, అతని మీద జాలే కలగలేదు. మీకూ అంతేనా?

భీమవరం నుంచి:
అది గ్రెగ్ టోలాండ్ కెమెరా పనితనమండి. దగ్గరా దూరమూ ఒకేలా స్పష్టంగా చూపించడం తర్వాత అందరూ వాడేశారు. అందుకే మనకి కొత్తగా అనిపించదు.

పాలకొల్లు నుంచి:
2012 ఓటింగ్‌లో ‘సిటిజన్ కేన్’ని దాటిన ‘వెర్టిగో’ సినిమా కూడా నాకు ఎక్కలేదు.

అమలాపురం నుంచి:
కొత్తదనం సంగతి కాదండీ. ఆ తల్లి మళ్లీ కనపడదు. నాకు లోటు అక్కడే.