అప్‌డేట్: తెల్లవారుజాము దాకా ఫోన్ వదలని మా తమ్ముడి సంగతి

రెండు నెలల కింద అడిగాను, గుర్తుందా? మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఇంటర్ సెకండియర్ తమ్ముడు రాత్రి మూడింటి దాకా దుప్పట్లో రీల్స్, గేమ్స్‌లోనే ఉంటున్నాడు, ఫోన్ లాక్కుంటే అన్నం మానేస్తున్నాడు, ఏం చేయాలని.

మీలో ఒకరు చెప్పినట్టు 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేశాం. ఉచితమే, తెలుగులోనే మాట్లాడారు. లాక్కోవద్దు, ఏ రోజుల్లో ఎక్కువ చూస్తున్నాడో గమనించండి అన్నారు. గమనిస్తే లెక్కల పరీక్షలున్న రోజుల్లోనే! టెన్షన్ మర్చిపోవడానికి ఫోన్, నిద్ర లేక మళ్లీ తక్కువ మార్కులు. ఇన్నాళ్లూ వాణ్ని సోమరి అని తిట్టినందుకు చాలా బాధేసింది.

వయసు దుడుకు, అదే పోతుంది అన్నవాళ్లకు ఒక మాట. గేమింగ్ చేయిదాటితే అది జబ్బే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జాబితాలో చేర్చింది, 2022 నుంచి అమల్లో ఉంది.

ఇప్పుడు పది కాగానే నలుగురి ఫోన్లూ వంటింట్లో బియ్యం డబ్బా మీదే. నాయిన యూట్యూబ్ కూడా బంద్. అలారం సాకు లేకుండా గడియారం కొన్నాం. మొదటి వారం నరకం. నిద్రలో కూడా వాడి చెయ్యి దిండు కింద వెతికేది, బొటనవేలు ఊరికే కదిలేది. చూస్తుంటే కడుపు తరుక్కుపోయేది.

ఇప్పుడు పదకొండుకల్లా పడుకుంటున్నాడు. పొద్దున్నే నాయినతో మడికి నీళ్లు పెట్టడానికి వెళ్తున్నాడు. మొన్న ఆదివారం మాత్రం నాలుగు గంటలు ఆడాడు. తనే వచ్చి చెప్పాడు. ఎవరం తిట్టలేదు. సోమవారం నుంచి లెక్కల ట్యూషన్‌కి పంపుతున్నాం.