ఉప్పల్ రూట్లో టోల్ ఎక్స్‌ప్రెస్ లేన్లు వేస్తే పనవుతుందా?

సోమవారం బండి:
నాది హనుమకొండ, ఉద్యోగం హైదరాబాద్‌లో. సోమవారం తెల్లారి ఐదింటికి కారు తీస్తే ఘట్‌కేసర్ దాకా హాయిగా వచ్చేస్తాను. అక్కడి నుంచి ఉప్పల్ దాకా ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, మళ్లీ ఫస్ట్ గేరు, ఎడమ కాలు గుంజేస్తది. మా బావ అమెరికాలో, వర్జీనియాలో ఉంటాడు. అక్కడ ఐ-95 హైవే మీద మామూలు లేన్ల పక్కనే డబ్బు కట్టి పోయే లేన్లు ఉన్నాయంట, 2023లో వాటిని ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు ఇంకో పది మైళ్లు పొడిగించారంట. తొందరున్నవాళ్లు కడతారు, లేనివాళ్లు పక్కన ఊరికే పోతారు. మన దగ్గర వేస్తే తప్పేంటి? నేనైతే వంద రూపాయలు కట్టడానికి రెడీ.

జనగామ జంక్షన్:
అన్నా, కొమళ్ల దగ్గర ఒకసారి, బీబీనగర్ దాటకముందే గూడూరు దగ్గర ఇంకోసారి టోల్ కడుతూనే ఉన్నావు కదా, ఇంకా ఎన్నిసార్లు కడతావు? ఏడాది ఫాస్టాగ్ పాస్ తీసుకున్నా 200 ట్రిప్పులే, ఒక టోల్ గేటు దాటితే ఒక ట్రిప్పు, వారానికి పోను రెండు, రాను రెండు లెక్కేసుకుంటే ఏడాదికి 208, ఎనిమిది తక్కువే పడతాయి. అసలు మనది నాలుగు లేన్ల రోడ్డు, ఒక్కో వైపు రెండే. అందులో ఒకటి కార్ల వాళ్లకు రాసిచ్చేస్తే లారీ, ఆర్టీసీ బస్సు, గడ్డి ట్రాక్టరు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకు అన్నీ మిగిలిన ఒక్క లేన్లోనే పోవాలి. నీకు తొందర, మాకు లేదా?

కాజీపేట టు వర్జీనియా:
రోజూ ఆ ఐ-95 మీదే పోతాను కాబట్టి చెప్తున్నా. అక్కడ రేటు ఫిక్స్ కాదు, రద్దీ పెరిగేకొద్దీ బోర్డు మీద అంకె పెరుగుతుంది, అది చూసి చాలాసార్లు మామూలు లేన్లోనే ఉండిపోయాను. కారులో ముగ్గురుంటే ఫ్రీ, దానికి వేరే ట్యాగ్ ఉండాలి. పొద్దున వాషింగ్టన్ వైపు, సాయంత్రం బయటికి, అవే లేన్లు దిశ మారుస్తాయి. ఎందుకు పొడిగించారంటే, ముందు అవి గారిసన్‌విల్ దగ్గర ఆగిపోయేవి, డబ్బు కట్టినవాళ్లూ కట్టనివాళ్లూ అక్కడే కలిసి నరకం. లేన్ ఎక్కడ అయిపోతే జామ్ అక్కడికి పోతుంది. నువ్వు ఉప్పల్ దాకా వేయించుకున్నా చౌరస్తా చౌరస్తానే కదా తమ్ముడూ.

పాత పాసింజర్:
ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది, ఆ పిల్లర్ల కింద గుంతల్లో ఎన్నిసార్లు నడుము విరిగిందో నాకే తెలుసు. ముందు అది కానివ్వండి. ఆఫీసు గచ్చిబౌలి వైపైతే ఘట్‌కేసర్ దగ్గరే ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కెయ్, పైన టోల్, పక్కన సర్వీస్ రోడ్డు ఫ్రీ, నువ్వడిగేదానికి మన దగ్గర దగ్గరి చుట్టం అదే.

సోమవారం బండి:
ఆఫీసు అమీర్‌పేట, ఓఆర్‌ఆర్ ఎక్కితే చుట్టు తిరుగుడే. కానీ ముగ్గురుంటే ఫ్రీ అన్న మాట దగ్గర ఆగిపోయాను, నేను ఐదు సీట్ల కారులో ఒక్కణ్నే పోతున్నా. నయీంనగర్ నుంచి ఎవరైనా వస్తారా? ఉప్పల్ మెట్రో దగ్గర దింపుతా.

జనగామ జంక్షన్:
పెంబర్తి దగ్గర ఆపుతావా?