ఎడమ బ్రేకు లైటు వెలగడం లేదు: బల్బు మార్చాక కూడా వెలుగు మందంగా ఉంటే ఏం చూడాలి?

ప్రశ్న

నమస్కారమండీ. మా కారు వెనుక ఎడమ వైపు బ్రేకు లైటు వెలగడం లేదని వెనుక వస్తున్న ఒకాయన ఆపి చెబితే నిన్ననే తెలిసింది. ఎన్నాళ్లుగా ఇలా తిరుగుతున్నానో తలచుకుంటే భయం వేసింది. రాత్రి హెడ్‌లైట్లతో పాటు వెలిగే ఎర్ర దీపం ఆ పక్కన కూడా మామూలుగానే వెలుగుతోంది. బ్రేకు తొక్కితే కుడి పక్క లైటు, వెనుక అద్దం పైనున్న మూడో లైటు వెలుగుతున్నాయి. ఎడమది మాత్రమే ఉలకదు. ఫ్యూజు పోయి ఉంటుందా? కారులో ఇంతవరకు నేను ఒక్క బల్బు కూడా మార్చలేదు. ఇంటి దగ్గరే చేసుకోగలిగిన పనేనా?

సమాధానం

తప్పకుండా చేసుకోగలరు. మీరు గమనించి రాసిన వివరాలతోనే సగం పని తేలిపోయింది. మామూలుగా మూడు బ్రేకు లైట్లకూ కరెంటు ఒకే ఫ్యూజు నుంచి, పెడల్ పైనుండే ఒకే స్విచ్చి గుండా వస్తుంది. వాటిలో రెండు వెలుగుతున్నాయంటే ఆ రెండూ బాగున్నట్టే లెక్క. కాబట్టి ఫ్యూజు పెట్టె విప్పనవసరం లేదు. లోపం ఎడమ దీపం గూటిలోనో, అక్కడికి వెళ్లే వైర్లలోనో ఉంటుంది.

రాత్రి దీపం వెలుగుతూ బ్రేకు లైటు వెలగకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం ఇది. చాలా కార్లలో ఈ రెండు పనులనూ ఒకే బల్బు చేస్తుంది. దాని లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి: 5 వాట్లది రాత్రి దీపానికి, 21 వాట్లది బ్రేకుకు. పెద్దది తెగిపోయినా చిన్నది వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బల్బు బాగానే ఉందని పొరబడతాం. బల్బు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తెగిన తీగ కనిపిస్తుంది. ఒక్కోసారి గాజు లోపలి వైపు నల్లబడి కూడా ఉంటుంది.

కొత్త బల్బును పాతది చేతికొచ్చిన తరువాతే కొనండి. పాతదాని లోహపు మూతి మీదనో, కారు వివరాల పుస్తకంలోనో దాని రకం రాసి ఉంటుంది. పీ21/5డబ్ల్యూ అని ఉంటే అది రెండు ఫిలమెంట్లది, దాని అడుగున రెండు చుక్కలుంటాయి. పీ21డబ్ల్యూ అని ఉంటే ఒకే ఫిలమెంటు, ఒకే చుక్క. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి కాని ఒకదాని చోట మరొకటి పెట్టకూడదు.

మార్చే పద్ధతి చెబుతాను. లైట్లన్నీ ఆపి, తాళంచెవి బయటికి తీసి, బల్బు చల్లారే దాకా ఆగండి. డిక్కీ తెరిస్తే దీపం గూడు వెనుక చిన్న మూత గాని, గూటిని బిగించిన స్క్రూలు గాని కనిపిస్తాయి. గూడు మొత్తం బయటికి లాగవలసి వస్తే వైరు పట్టి లాగకండి; కనెక్టరు మీద ఉన్న నాలుకను నొక్కి ఊడదీయండి. హోల్డరులోని బల్బును లోపలికి నొక్కి, గడియారం ముల్లుకు ఎదురు దిక్కున కొంచెం తిప్పితే వచ్చేస్తుంది. రెండు ఫిలమెంట్ల బల్బుకు పక్కనుండే రెండు బుడిపెలు ఒకే ఎత్తులో ఉండవు, హోల్డరు గాడులు కూడా అలాగే ఉంటాయి. బల్బు సులభంగా దిగకపోతే అటుదిటు తిప్పి పెట్టండి గాని బలవంతంగా నెట్టకండి. తిరగబడి కూర్చుంటే రాత్రి లైట్లు వేసినంతసేపూ బ్రేకు తొక్కినట్టే దీపం మండుతుంది, నిజంగా తొక్కినప్పుడు వెలుగు పెద్దగా పెరగదు. వెనుకవారికి అది లైటు లేకపోవడం కన్నా ప్రమాదం.

మూత బిగించే ముందే బ్రేకు తొక్కి చూడండి. తోడు ఎవరూ లేకపోతే చీకటి పడ్డాక కారును గోడకు దగ్గరగా వెనక్కి పెట్టి, గోడ మీద పడే ఎర్రటి వెలుగును అద్దంలో చూసుకోవచ్చు.

అడిగినవారు మళ్లీ

మీరు చెప్పినట్టే బల్బు తీసి చూశానండీ, లావు తీగ తెగి ఉంది. అదే రకం కొత్త బల్బు తెచ్చి పెట్టాను. బ్రేకు లైటు వెలిగింది కాని కుడి పక్కదానితో పోలిస్తే చాలా మందంగా ఉంది. హెడ్‌లైట్లు వేసి ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే ఎడమ దీపం వెలుగు పెరగడానికి బదులు ఇంకా తగ్గుతోంది, పక్కనున్న ఇండికేటరు బల్బు కూడా మసకగా వెలుగుతోంది. బుడిపెలు రెండుసార్లు సరిచూసుకున్నాను, బల్బు సరిగ్గానే కూర్చుంది. కొత్త బల్బులోనే లోపమా?

సమాధానం

బల్బును అనుమానించకండి. సంబంధం లేని ఇండికేటరు బ్రేకు తొక్కినప్పుడు వెలగడం ఎర్తు సరిగ్గా లేదని చెప్పే గుర్తు. ఒక గూటిలోని బల్బులన్నిటికీ కరెంటు వేర్వేరు వైర్లలో వచ్చినా, తిరిగి కారు శరీరానికి చేరే దారి ఒక్కటే. ఆ దారి తుప్పుతో మూసుకుపోతే, బ్రేకు కోసం వచ్చిన కరెంటు పక్క బల్బుల ఫిలమెంట్ల గుండా దొడ్డిదారి వెతుక్కుంటుంది. అందుకే తొక్కింది బ్రేకయినా వెలిగేది ఇండికేటరు.

మరి ఇన్నాళ్లూ రాత్రి దీపం ఎలా బాగా వెలిగిందని మీకు అనిపించవచ్చు. 12 వోల్టుల మీద 5 వాట్ల తీగ తీసుకునే కరెంటు అర ఆంపియరు కన్నా తక్కువ. తుప్పు పట్టిన దారి అంతమాత్రం మోయగలదు. 21 వాట్ల తీగకు దాదాపు 2 ఆంపియర్లు కావాలి. అంత కరెంటు వెళ్లేసరికి వోల్టేజిలో కొంత తుప్పు దగ్గరే ఖర్చయిపోయి, బల్బుకు మిగిలేది తగ్గిపోతుంది.

పరీక్ష తేలికే. హోల్డరులో బల్బు మూతికి పక్కనుంచి తగిలే లోహపు రేకు ఎర్తు. అడుగున ఉండే రెండు చుక్కలు సరఫరా. మల్టీమీటరు ఉంటే నల్ల తీగను రంగు లేని శుభ్రమైన కారు లోహానికి, ఎర్ర తీగను ఆ పక్క రేకుకు తాకించి, ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. దాదాపు సున్నా చూపించాలి. అర వోల్టు దాటితే దోషం అక్కడే. మీటరు లేకపోతే ఒక వైరు ముక్కతో ఆ రేకును కారు లోహానికి కలిపి చూడండి, లైటు వెంటనే పుంజుకుంటే విషయం తేలినట్టే. ఆ వైరు అడుగు చుక్కలకు మాత్రం తగలనివ్వకండి, తగిలితే ఫ్యూజు పోతుంది.

తరువాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, కనెక్టరును ఊడదీసి పిన్నులు చూడండి. పచ్చటి చిలుము గాని, వేడికి కరిగిన ప్లాస్టిక్కు గాని కనిపిస్తుంది. చిలుమును సన్నని ఉప్పుకాగితంతో గీకి, కాంటాక్టు క్లీనరుతో కడిగి ఆరనివ్వండి. ఎర్తు వైరు కారు శరీరానికి బిగించిన బోల్టును కూడా విప్పి, కింద లోహం మెరిసేదాకా రుద్ది మళ్లీ గట్టిగా బిగించండి. ప్లాస్టిక్కు కరిగి ఉంటే శుభ్రం చేసి సరిపెట్టుకోకుండా హోల్డరు మార్చేయండి, అది మళ్లీ వేడెక్కుతుంది. గూటి చుట్టూ ఉన్న రబ్బరు అంచు చిరిగిందేమో చూడడం మరువకండి. నీరు అక్కడి నుంచే దిగుతుంది, దాన్ని ఆపకపోతే చిలుము తిరిగి వస్తుంది.

మరొకరి సమాధానం

పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తూ, ఇదే సమస్యతో వచ్చేవారి కోసం రెండు మాటలు చేరుస్తున్నాను. మూడు లైట్లూ ఒకేసారి ఆగిపోతే ముందు ఫ్యూజు, ఆ తరువాత పెడల్ స్విచ్చి చూడాలి. ఆటోమేటిక్ గేరు కార్లలో చాలావాటికి ఆ స్విచ్చి పోతే గేరు పార్కింగు నుంచి కదలదు కూడా. ఎగిరిపోయిన ఫ్యూజు స్థానంలో ఎక్కువ ఆంపియర్లది ఎన్నడూ పెట్టకండి. నాకు దీనికి ఎదురు సమస్య వచ్చింది: కారు ఆపినా బ్రేకు లైట్లు ఆరలేదు, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అయింది. చూస్తే పెడల్ మీద స్విచ్చిని నొక్కి ఉంచే చిన్న రబ్బరు బిళ్ల పొడిపొడిగా రాలిపోయి ఉంది. ఆ బిళ్ల మార్చడంతో సమస్య తీరింది.

ఎల్ఈడీ బల్బు పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. ఫిలమెంటు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో దాదాపు ఐదో వంతు పడుతుంది, ఎల్ఈడీ తక్షణం వెలుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ తేడా 5 మీటర్ల పైచిలుకు దూరం. అయినా ఫిలమెంటు కోసం మలచిన గూటిలో విడి ఎల్ఈడీ పెడితే వెలుగు అన్ని వైపులా సమంగా పడకపోవచ్చు, కొన్ని కార్లు బల్బు పోయిందని హెచ్చరిక చూపిస్తాయి. కారుతో వచ్చిన రకమే వాడడం మేలని నా అభిప్రాయం. కారుతోనే ఎల్ఈడీ దీపాలు వచ్చి ఉంటే వాటిలో విడిగా మార్చే బల్బు సాధారణంగా ఉండదు, గూడు మొత్తం మార్చవలసి వస్తుంది.

అడిగినవారు మళ్లీ

వైరు ముక్కతో కలపగానే లైటు కుడి పక్కదానితో సమానంగా వెలిగిందండీ. కనెక్టరు విప్పితే ఎర్తు పిన్ను నిండా చిలుమే. ప్లాస్టిక్కు కరగలేదు. పిన్నులు, బోల్టు రెండూ శుభ్రం చేసి బిగించాక ఇండికేటరు మసకగా వెలగడం కూడా ఆగిపోయింది. రబ్బరు అంచు కింది మూల ఒక చోట చిరిగి ఉంది, కొత్తది తెప్పిస్తున్నాను. అది వచ్చేదాకా రోజూ బయలుదేరే ముందు గోడ మీద వెలుగు చూసుకునే కదులుతాను. ఇంత ఓపికగా వివరించిన మీ ఇద్దరికీ కృతజ్ఞతలు.