అప్‌డేట్: సెల్ఫ్ అందుకోని కారు, దొరికిన తప్పు
కీ తిప్పితే ఒక్క ‘టక్’ తప్ప ఇంజిన్ తిరగడం లేదు, సెల్ఫ్ మోటార్ (ఇంజిన్‌ని మొదట తిప్పి స్టార్ట్ చేసే మోటార్) మార్చేయాలా అని మొన్న అడిగాను కదా. మార్చక్కర్లేదని తేలింది.

ముందు మోటార్ ఎక్కడుందో కనుక్కోవడమే పెద్ద పని అయింది. బ్యాటరీ ప్లస్ నుంచి వెళ్లే లావు కేబుల్ వెంట వెళ్లమన్న సలహానే పనిచేసింది. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట, నూనె మరకల మధ్య నల్లగా కనిపించింది.

బ్యాటరీ 12.6 వోల్టులు. కీ తిప్పినప్పుడు 12.3 కంటే కిందికి పడలేదు. మోటార్ తిరగబోయి ఆగిపోతే ఇంకా బాగా పడాలి, అంటే కరెంటు అసలు మోటార్‌లోకే వెళ్లడం లేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మా తమ్ముణ్ణి కీ తిప్పమన్నాను. సోలినాయిడ్ (కీ తిప్పగానే బ్యాటరీ కరెంటును మోటార్‌కి కలిపే స్విచ్) మీద బ్యాటరీ వైపు బోల్టు దగ్గర 12 పైనే ఉంది, మోటార్ వైపు బోల్టు దగ్గర సున్నా. ‘టక్’మంటోంది కానీ లోపలి కాంటాక్టులు కలపడం లేదన్నమాట.

విప్పి చూసిన ఆటో ఎలక్ట్రీషియన్ కాంటాక్టులు చూపించాడు: రాగి అంచులు కాలి గుంటలు పడ్డాయి. సోలినాయిడ్ ఒక్కటే మార్చాడు. బ్రష్‌లు (మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) బాగానే ఉన్నాయట.

ఎవరైనా స్పానర్ పెట్టేముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. ఆ లావు కేబుల్‌కి చాలా కార్లలో ఫ్యూజు ఉండదు, కీ ఆపినా కరెంటు ఉంటుంది.