రెండు మోటర్ల మస్కిటో: కుడి మోటర్ ముందు లేస్తోంది, విమానం ఎడమకి లాగేస్తోంది. ఎగరెయ్యొచ్చా?

ఉప్పల్_బాల్సా:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. పద్నాలుగు నెలలుగా రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ విమానం డి హావిలాండ్ మస్కిటోకి రేడియోతో ఎగిరే మోడల్ కడుతున్నాను, పదో వంతు స్కేలు. అసలు విమానం రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి 54 అడుగుల 2 అంగుళాలు, కాబట్టి నాది 65 అంగుళాలు. అంతా బాల్సా (చాలా తేలికైన కర్ర), పల్చటి ప్లైవుడ్. అసలు మస్కిటో బాడీ కూడా బిర్చ్ ప్లైవుడ్ మధ్యలో బాల్సా పెట్టి అతికించిందేనని తెలిసిన రోజే దీని మీద మనసు పడింది. ఇంట్లో దీని పేరు 'దోమ'. దోమ ఎప్పుడు ఎగురుతుంది నాన్నా అని మా పాప రోజూ అడుగుతోంది, అక్కడే నాకు టెన్షన్.

బ్యాటరీతో కలిపి 3.1 కేజీలు తూగింది. రెండు 900 కేవీ (వోల్టుకి నిమిషానికి 900 చుట్లు) మోటర్లు, మూడు రెక్కల 10x7 ప్రాప్‌లు (ప్రాపెల్లర్లు), చెరో 40 ఆంప్ ఈఎస్‌సీ (మోటర్ వేగాన్ని నడిపే సర్క్యూట్), రెండింటికీ కలిపి ఒకటే 4ఎస్ 5000 (నాలుగు సెల్స్, 5000 ఎంఏహెచ్) బ్యాటరీ ముక్కులో. ఈఎస్‌సీలు మోటర్ల వెనకే నసెల్‌లో (రెక్క మీది మోటర్ గూటిలో) ఉన్నాయి. త్రాటిల్ (మోటర్ వేగం) 3, 6 ఛానళ్లకి విడివిడిగా ఇచ్చి రేడియోలో మిక్స్ (ఒకే స్టిక్‌తో రెండూ కదిలే ఏర్పాటు) పెట్టాను, రడ్డర్‌తో (తోక చుక్కానితో) పాటు మోటర్లు కూడా తేడాగా తిరిగితే నేల మీద తిప్పుకోవడం సులువని ఎవరో చెప్పారు.

మొన్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మెల్లగా నడిపి చూశాను. స్టిక్ కదపగానే కుడి మోటర్ లేస్తుంది, మూడు నాలుగు క్లిక్కుల తర్వాత గానీ ఎడమది లేవదు. ఈలోపు విమానం ఎడమకి తిరిగి సెక్యూరిటీ అంకుల్ సైకిల్ మీదికి వెళ్లిపోయింది. (ఆయనకీ సైకిల్‌కీ ఏం కాలేదు, ఒక ప్రాప్ కొస విరిగింది.) ఫుల్ త్రాటిల్‌లో తోక పట్టుకుని చూసినా కొంచెం ఎడమకే లాగుతోంది. ఒక ప్రాప్‌ని ఎదురు తిప్పితే పోతుందా? రెండు బ్యాటరీలు పెట్టాలా? అసలు దీన్ని గాల్లోకి వదలొచ్చా?

బాల్సా_బాబాయ్:
తమ్ముడూ, కట్టుకున్నావు, సగం గెలిచావు. నీవి రెండు వేరు వేరు జబ్బులు, ఒకటే మందు వెయ్యకు.

మొదటిది కాలిబ్రేషన్, అంటే స్టిక్ కింద ఎక్కడ, పైన ఎక్కడ అని ఈఎస్‌సీకి నేర్పడం. 3వ ఛానల్‌కి త్రాటిల్ ట్రిమ్ (సున్నాని కొద్దికొద్దిగా జరిపే మీట) పనిచేస్తుంది, 6వ దానికి చాలా రేడియోల్లో పనిచెయ్యదు. ట్రిమ్ నాలుగు క్లిక్కులు అటో ఇటో ఉన్నా, ఎండ్ పాయింట్ (స్టిక్ చివరి హద్దు) ఒకదానికి 100, ఇంకోదానికి 95 ఉన్నా, రెండు ఈఎస్‌సీలకీ 'సున్నా' ఎక్కడుందో వేరు వేరుగా అర్థమవుతుంది. ముందు ప్రాప్‌లు తీసెయ్, ఇది మర్చిపోయి వేళ్లు కోసుకున్నవాళ్లలో నేనూ ఒకడిని. ట్రిమ్ సున్నా చెయ్, మిక్స్ తీసెయ్, మామూలు వై కేబుల్‌తో (ఒక సిగ్నల్‌ని రెండుగా పంచే వైరు) రెండు ఈఎస్‌సీలనీ ఒకే ఛానల్‌కి కలిపి, స్టిక్ పూర్తిగా పైన పెట్టి బ్యాటరీ గుచ్చు, బీప్‌లు రాగానే కిందికి దించు. రెండూ ఒకే సిగ్నల్ చూసి నేర్చుకుంటాయి. మొదటి పది ఫ్లైట్లు వై కేబుల్‌తోనే ఎగరెయ్, ఆ మోటర్లు తేడాగా తిరిగే సరదా తర్వాత తీర్చుకోవచ్చు.

వై కేబుల్ పెట్టేటప్పుడు ఇంకోటి. రెండు ఈఎస్‌సీల్లోనూ బీఈసీ (రిసీవర్‌కి కరెంటిచ్చే సర్క్యూట్) ఉంటే రెండూ రిసీవర్‌కి కరెంటు పంపుతాయి, ఒకదాంతో ఒకటి కొట్టుకుంటాయి. ఒకదాని ప్లగ్‌లో ఎర్ర వైర్ తీసెయ్యాలి. కత్తిరించొద్దు, ఆ చిన్న ప్లాస్టిక్ నాలికని గుండుసూదితో కొంచెం లేపితే పిన్ను దానంతటదే జారి వస్తుంది, దాని మీద టేప్ చుట్టి వైర్ పక్కకి మడిచి పెట్టు. నీకు రిట్రాక్ట్‌లు (లోపలికి మడిచే చక్రాలు), ఫ్లాప్స్ (రెక్క వెనక కిందికి దిగే పలకలు) కూడా ఉంటే రెండు ఎర్ర వైర్లూ తీసేసి విడిగా 5 ఆంప్‌ల యూబెక్ (విడి బీఈసీ) పెట్టుకోవడం మేలు.

రెండోది, ఫుల్ త్రాటిల్‌లో ఎడమకి లాగడం. అది నీ తప్పు కాదు, నీ విమానం నిజాయితీ! అసలు మస్కిటోలో రెండు మెర్లిన్ ఇంజిన్లూ ఒకే వైపు తిరిగేవి, టేకాఫ్‌లో అదీ ఎడమకే లాగేది. పైలట్లు ఎడమ త్రాటిల్‌ని కుడి దానికంటే కొంచెం ముందు తోసి సరిచేసుకునేవాళ్లు. తర్వాత వచ్చిన హార్నెట్‌లో గానీ డి హావిలాండ్ వాళ్లు ప్రాపెల్లర్లని ఎదురెదురు తిప్పలేదు. కాబట్టి కుడి రడ్డర్ కొంచెం పట్టుకుని, త్రాటిల్‌ని ఒక్కసారిగా కాకుండా మూడు నాలుగు సెకన్లలో పెంచితే చాలు.

డాలస్_రెక్కలు:
బాబాయ్ చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను, ఎందుకంటే ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం. నాది పీ-38 (రెండు ఇంజిన్ల అమెరికన్ యుద్ధ విమానం) మోడల్, దాదాపు మీటరున్నర రెక్క. దాంట్లో ప్రాప్‌లు అసలు విమానంలో లాగే ఎదురెదురు, టేకాఫ్ దారం గీసినట్టు తిన్నగా వెళ్లేది, చాలా గర్వంగా ఉండేది. బ్యాటరీలు మాత్రం రెండు, ఒక్కో బూమ్‌లో (తోకని మోసే పొడవాటి భాగంలో) ఒకటి. అందులో ఒకటి పాతది. ఐదో నిమిషంలో, సరిగ్గా దిగే ముందు చివరి మలుపు (బేస్ నుంచి ఫైనల్‌కి) తిప్పుతుంటే, పాత బ్యాటరీ వైపు ఈఎస్‌సీ వోల్టేజ్ తక్కువైందని మోటర్ ఆపేసింది. నేనేమో కిందికి దిగుతోందని త్రాటిల్ పెంచాను. బతికున్న మోటర్ ఒక్కటే లాగింది, విమానం అప్పడంలా తిరగబడింది, తోకలు రెండూ విడివిడిగా దొరికాయి.

ఎదురు తిరిగే ప్రాప్‌లు టార్క్‌ని (ప్రాప్ తిరగడం వల్ల వచ్చే లాగుడుని) తీసేస్తాయి గానీ ఒక మోటర్ ఆగినప్పుడు అవేం కాపాడవు. కాబట్టి ఒకటే బ్యాటరీ ఉంచండి, తగ్గితే రెండూ కలిసి తగ్గుతాయి. ఈఎస్‌సీ కటాఫ్‌ని 'ఒక్కసారి ఆపు' నుంచి 'మెల్లగా తగ్గించు'కి మార్చండి, టైమర్ ఐదు నిమిషాలకి పెట్టండి. ఎప్పుడైనా ఒక మోటర్ పోయిందనిపిస్తే మొదట చెయ్యాల్సింది త్రాటిల్ తగ్గించడం. ముక్కు దించి, ఆగిన మోటర్ వైపు తిప్పకుండా, ఎదురుగా ఏది కనిపిస్తే దాని మీదే దించెయ్యండి. చేను అయినా పర్లేదు.

ఎదురు ప్రాప్ పెట్టి తీరాలనుంటే మోటర్‌కి వెళ్లే మూడు వైర్లలో ఏవైనా రెండు అటూ ఇటూ మారిస్తే తిరిగే దిక్కు మారుతుంది, అంతే. కానీ ఎదురు తిరిగే వైపు మామూలు నట్ వదులయ్యే ప్రమాదం ఉంది, నైలాక్ (వదులవ్వకుండా లోపల నైలాన్ ఉన్న నట్) వెయ్యండి.

కాకినాడ_గాలి:
మీ లెక్కలు కుదిరాయండీ. అసలు రెక్క వైశాల్యం 454 చదరపు అడుగులు, పదో వంతు స్కేలంటే అందులో వందో వంతు, దాదాపు 42 చదరపు డెసిమీటర్లు. 3.1 కేజీలకి చదరపు డెసిమీటరుకి 74 గ్రాముల లోపే, ఈ సైజు యుద్ధ విమానానికి బాగానే ఉంది. కేజీకి 220 వాట్లు అనుకుంటే మొత్తం 680, పక్కకి 340. వాట్ మీటర్ పెట్టి రెండు పక్కలా విడివిడిగా కొలవండి.

బ్యాటరీ నుంచి నసెల్ దాకా వైర్లు ఎంత పొడవున్నాయి? బ్యాటరీ వైపు వైర్లు పొడుగైతే ఈఎస్‌సీ లోపలి కెపాసిటర్లు ఉడికిపోతాయి. ఈఎస్‌సీని బాడీలోకి తెచ్చి మోటర్ వైపు మూడు వైర్లు పొడిగించండి, లేదంటే ఈఎస్‌సీ దగ్గర లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) కెపాసిటర్ అదనంగా అతికించండి.

ఇంకొకటి, మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి మీకు తెలియని బాధ. మా కాకినాడ తేమకి బాల్సా రెక్క ఒక వర్షాకాలంలోనే మెలితిరుగుతుంది. నా పాత బీచ్‌క్రాఫ్ట్‌లో వడ్రంగులు వాడే తెల్ల జిగురు వేశాను, ఆగస్టుకల్లా రెక్క కొస 4 మిల్లీమీటర్లు పైకి లేచింది. దీనికి పెద్ద చరిత్రే ఉంది: 1944 చివర్లో బ్రిటిష్ వైమానిక దళం ఇండియాలో మస్కిటోల రెక్కల అతుకులు విడిపోతున్నాయని వాటిని కొన్నాళ్లు నేల మీదే కూర్చోబెట్టింది. అతుకులు సరిగ్గా కుదరకపోవడానికి మన వేడీ తేమా తోడయ్యాయి. స్పార్ (రెక్క లోపలి దూలం) దగ్గర ఎపాక్సీ జిగురు వేశారు కదా? రెండు రెక్కల కొసలూ వెనక నుంచి చూసి, ఒకే తీరుగా ఉన్నాయో లేదో ఎగరేసే ముందు రోజు మళ్లీ చూడండి.

ఉప్పల్_బాల్సా:
ఒక్కొక్కరికీ పేరు పేరునా థాంక్సండీ. నిన్న రాత్రి పదకొండింటికి కూర్చున్నాను. బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం, 6వ ఛానల్ ఎండ్ పాయింట్ 92 ఉంది, నేనే ఎప్పుడో మార్చి మర్చిపోయాను. వై కేబుల్‌తో కాలిబ్రేట్ చేశాక రెండూ ఒకే క్లిక్కుకి లేచాయి, ఆ 'జుయ్' ఒకేసారి వినపడితే ఒళ్లు పులకరించింది. ఎర్ర పిన్నులు రెండూ తీసి యూబెక్ పెట్టాను. స్పార్‌కి ఎపాక్సీయే వేశాను, కొసలు సమంగానే ఉన్నాయి.

కొత్త ప్రాప్ వేసి వాట్ మీటర్‌లో చూస్తే కుడి 346, ఎడమ 309. ఇంత తేడా ఏంట్రా అని ఎడమ నసెల్ విప్పితే ఒక బుల్లెట్ కనెక్టర్ సోల్డర్ సగమే పట్టింది, ముట్టుకుంటే చురుక్కుమంది. మళ్లీ సోల్డర్ చేశాక 341. బ్యాటరీ వైర్లు 45 సెంటీమీటర్లు ఉన్నాయి, ఈఎస్‌సీలని బాడీలోకి తెచ్చే ఓపిక లేదు, కెపాసిటర్లు తెచ్చి వేస్తాను.

ఆదివారం ఘట్‌కేసర్ అవతల ఖాళీ పొలం ఒకటి చూశాం, డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్లు ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) గ్రీన్ చూపిస్తోంది, పొలం ఆయన్ని అడిగాం, సరే అన్నాడు. సీజీ (బరువు సమతూకం ఉండే చోటు) రెక్క సగటు వెడల్పులో 27 శాతం దగ్గర పెట్టాను, చాలా?

బాల్సా_బాబాయ్:
చాలు, ముందుకి ఉన్నా పర్లేదు, వెనక్కి పోకూడదు. మొదటి ఫ్లైట్‌లో చక్రాలు పైకి తియ్యకు, ఫ్లాప్స్ సగమే. దిగేటప్పుడు నేల తాకేదాకా కొంచెం త్రాటిల్ ఉంచు, దీనికి రెక్క కొసల్లో స్టాల్ (రెక్క ఎత్తే బలం ఒక్కసారిగా పోవడం) వస్తుంది, ట్రైనర్‌లా తేలుతుందనుకుని ముక్కు ఎత్తావంటే పడేస్తుంది. పాపని వెంట తీసుకెళ్లు గానీ నీ వెనకే నిలబెట్టు.