ఎనిమిది క్లాసులైనా ట్రాటేనా? కాంటర్ ఎప్పుడు చేయిస్తారు?

జడ్చర్ల నాన్న: పాపకు పదకొండేళ్లు. ఆదివారాలు హైదరాబాద్ శివారుకి గుర్రపుస్వారీకి తీసుకెళ్తున్నా. కోచ్ పొడవాటి తాడు కట్టి గుండ్రంగా ట్రాటే (నడకకు కాస్త పైన, మెల్లటి పరుగు) చేయిస్తున్నాడు. కాంటర్ (ట్రాట్ కంటే వేగమైన పరుగు) చేయించమంటే "టైముంది సార్" అంటాడు. మామూలేనా?

గుర్రంపోడు అల్లుడు: అసలు కాంటరే సులువు! ట్రాట్‌లో ఎగిరెగిరి పడతాం, కాంటర్ ఉయ్యాల ఊగినట్టు ఉంటది. మా తాతకు పెళ్లి గుర్రం ఉండేది, జీను లేకుండా రెండో రోజే ఉరికించిన.

పాత రౌతు: కూర్చోవడం సులువే, ఆపడం? ట్రాట్‌లో ఐమూల కాళ్లు (ఒక పక్క ముందుకాలు, రెండో పక్క వెనకకాలు) జతగా పడతాయి, ప్రతి అంగకూ రెండు చప్పుళ్లు. కాంటర్‌లో మూడు, పైగా గుండ్రంగా తిరిగేటప్పుడు లోపలి ముందుకాలు ముందుండాలి, లేకపోతే మలుపులో గుర్రమే తూలుతుంది. అప్పుడు పిల్ల పగ్గాలు పట్టుకుని వేలాడితే బరువంతా గుర్రం నోటి మీదే. రికాబులు (పాదాలు ఆనించే కడియాలు) వదిలి, చేతులు చాచి ట్రాట్‌లో కుదురుగా కూర్చోగలిగితే అప్పుడు అడగండి.

గుర్రంపోడు అల్లుడు: నేను రెండో రోజు ఉరికించిన, పడలే. దానికేమంటరు?

దేవరకొండ టీచరమ్మ: ఊరి పేర్లో గుర్రం ఉంటే చాలన్నమాట 😀

గుర్రంపోడు అల్లుడు: నవ్వండి. మా వాడిని నెలంతా నడకే నడిపించి క్లాసుకు వెయ్యి గుంజారు. తర్వాత తెలిసింది, ఉన్న నాలుగు గుర్రాల్లో రెండు కుంటివి, ఉరికించలేక ఆపారు. ఆలస్యం పిల్లల కోసమా, ఫీజు కోసమా?

పాత రౌతు: ఆ మోసం వాళ్లనే అడగండి, నన్ను కాదు. నా గుర్రాన్ని నేర్చుకునేవాళ్లకు ఇచ్చా, అందరికీ తొందరే. ఆరు నెలల్లో నోరు మొద్దుబారింది, ఎంత లాగినా ఆగదు. అమ్మేశా. మీది ఫీజు లెక్క, నాది గుర్రం లెక్క.

గుర్రంపోడు అల్లుడు: అంటే మీ బాధ పిల్ల పడుతుందని కాదు! మొదటే చెప్తే ఇంత లొల్లి ఉండేది కాదు కదా.

పాత రౌతు: ఆగని గుర్రం మీద నుంచి పడేది ఎవరండీ?

జడ్చర్ల నాన్న: పాపనడిగా, తనకేం తొందర లేదట. వేరే పిల్లల వీడియోలు చూసి నాకే ఆత్రం. కానీ ఈ కుంటి గుర్రాల మాటతో టెన్షన్ మొదలైంది. ఎట్లా కనిపెట్టాలి?

పాత రౌతు: ట్రాట్‌లోనే తెలుస్తుంది. ముందుకాలు నొప్పైతే అది నేలకు ఆనినప్పుడల్లా తల పైకెత్తుతుంది. ఈ ఆదివారం పాపను కాదు, గుర్రం తలను వీడియో తీయండి.