వెటరన్స్ హాస్పిటల్ రీసెర్చ్‌లో మా పాపకి 'జీతం లేని' అపాయింట్‌మెంట్ అంటున్నారు, ఒప్పుకోవచ్చా?

సోంపేట_సుబేదార్

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లె. 26 ఏళ్లు ఆర్మీలో చేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. మా పాప బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి ఏడాదిన్నరగా అమెరికాలో ఒక యూనివర్సిటీలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరవాత చేసే పరిశోధన ఉద్యోగం) చేస్తోంది, జే-1 అనే ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా మీద. జీతం యూనివర్సిటీ ఇస్తోంది, ఇప్పటివరకు ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు వాళ్ల ప్రొఫెసర్ గారు ల్యాబ్ పనిలో సగం పక్కనే ఉన్న వెటరన్స్ హాస్పిటల్‌కి మారుస్తున్నారట. వీఏ అంటారట, మాలాంటి మాజీ సైనికుల కోసం వాళ్ల ప్రభుత్వం నడిపే ఆసుపత్రులు. అక్కడ పనిచేయాలంటే వేరే అపాయింట్‌మెంట్ కావాలని ఒక లెటర్ వచ్చింది. పాప ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టింది. జూమ్ చేసి మూడుసార్లు చదివాను. మొదటి పేరాలోనే 'వితౌట్ కంపెన్సేషన్' అని ఉంది. కింద వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఏదైనా కనిపెడితే హక్కు ఎవరిదో ఒప్పుకుంటూ సంతకం, ఇలా చాలా ఉన్నాయి.

పాప 'ఇది మామూలే నాన్నా, ల్యాబ్‌లో అందరికీ ఇలాగే' అంటోంది. నాకు నిద్ర పట్టడం లేదు. జీతం లేకుండా చేస్తానని సంతకం పెట్టాక రేపు యూనివర్సిటీ వాళ్లు చెయ్యి దులిపేసుకుంటే వీసా ఏటవుతుంది? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

బొబ్బిలి_కోట

బాబాయ్ గారూ, నమస్తే. మా నాన్న కూడా ఆర్మీయే, కాబట్టి మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. నేను పదకొండేళ్లుగా ఒక వీఏ హాస్పిటల్‌కి అనుబంధంగా ఉన్న రీసెర్చ్ కార్పొరేషన్‌లో గ్రాంట్ల లెక్కలు, స్టాఫ్ నియామకాలు చూస్తున్నాను. మీ పాప సంతకం పెట్టబోయే కాగితాల్లాంటివి రోజూ నా టేబుల్ మీదే ఉంటాయి.

మీకు తెలిసిన మాటలో చెప్తాను. ఒక జవాన్‌ని వేరే యూనిట్‌కి అటాచ్‌మెంట్ మీద పంపితే ఏమవుతుంది? జీతం మాతృ యూనిట్ నుంచే వస్తుంది, గేటు పాసు, డిసిప్లిన్, పని చెప్పే అధికారి మాత్రం కొత్త యూనిట్ వాళ్లవి. ఈ అపాయింట్‌మెంట్ సరిగ్గా అంతే. 'వీఏ నీకు జీతం ఇవ్వదు' అని చెప్తోంది తప్ప 'నీకు జీతమే లేదు' అని కాదు. అది లేకుండా ఆ హాస్పిటల్లో ఆమె పిపెట్ ముట్టుకోకూడదు, పేషెంట్ రికార్డు తెరవకూడదు. ఉంటే మాత్రం ఆ పని చేసేటప్పుడు ఆమె చట్టం దృష్టిలో వీఏ మనిషే, చేయమన్న పని పరిధిలో ఏదైనా పొరపాటు జరిగి ఎవరైనా దావా వేస్తే ఫెడరల్ ప్రభుత్వమే ఎదుర్కొంటుంది.

అయితే 'మామూలే' అని ఊరుకోవద్దు. అసలు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నా జీతం ఏ ఖాతా నుంచి వస్తుంది, ఎప్పటి వరకు వస్తుంది? దారులు ముఖ్యంగా మూడు. ప్రొఫెసర్ గారి ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) గ్రాంట్ యూనివర్సిటీ ద్వారా నడుస్తుంటే జీతం ఇప్పటిలాగే అక్కడినుంచి వస్తుంది. డబ్బు వీఏ సొంత గ్రాంట్‌ది అయితే ఐపీఏ అని 1970 నాటి చట్టం కింద ఒక ఒప్పందం రాసుకుంటారు, ఆమె యూనివర్సిటీ ఉద్యోగిగానే ఉంటుంది, వీఏ ఆ జీతాన్ని యూనివర్సిటీకి తిరిగి చెల్లిస్తుంది. ఇది మొదట రెండేళ్లకి మించి రాయరు, తరవాత ఇంకో రెండేళ్లు పొడిగించుకోవచ్చు. మూడోది మాలాంటి కార్పొరేషన్లు. 1988లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో ఇవి పుట్టాయి, ఎందుకంటే ఎన్ఐహెచ్ గ్రాంటునో కంపెనీ ఇచ్చే ట్రయల్ డబ్బునో తీసుకుని స్టాఫ్‌కి జీతాలివ్వడం హాస్పిటల్‌కి నేరుగా కుదరదు. మేం జీతం ఇచ్చేవాళ్లకి కూడా వీఏ లోపల పనిచేయాలంటే ఇదే జీతం లేని అపాయింట్‌మెంట్ తీసుకుంటాం.

కాబట్టి పాపని ఒక ఈమెయిల్ రాయమనండి, ప్రొఫెసర్‌కి, డిపార్ట్‌మెంట్ అడ్మిన్‌కి ఇద్దరికీ కలిపి. జీతం ఎవరు, ఏ గ్రాంట్, ఆ గ్రాంట్ ఆఖరి తేదీ ఎప్పుడు. నోటిమాట కాదు, రాతలో జవాబు రావాలి.

వీసా విషయం ఇంకా ముఖ్యం. జే-1లో పనిచేసే చోటు రికార్డులో ఉంటుంది. కొత్త చోట అడుగు పెట్టకముందే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి చెప్పి, వీఏ అడ్రస్‌ని కూడా పనిచేసే చోటుగా చేర్పించుకోవాలి. చాలామంది పిల్లలు రోడ్డు దాటితే అదే క్యాంపస్ అనుకుని ఇది మర్చిపోతారు.

రాజాం_జంక్షన్

పై అక్క చెప్పింది అక్షరాలా నిజం. నా అనుభవం కూడా రాస్తాను, పనికొస్తుందేమో.

నాకూ ఇదే అపాయింట్‌మెంట్, వేరే ఊర్లో. ఆరు వారాల్లో అయిపోతుందన్నది నాలుగు నెలలు పట్టింది. కారణం నా పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పదో తరగతి మెమో, డిగ్రీ సర్టిఫికెట్లలో ఒక్క అక్షరం ఇనీషియల్, పీహెచ్‌డీ పట్టాలో ఇంటిపేరు చివర. అమెరికాలో వేలిముద్రలు తీసుకున్న ఆవిడ లైసెన్స్ చూసి ఒకలా టైప్ చేసింది, ఫారంలో నేను ఇంకోలా నింపాను. ఇద్దరు మనుషులనుకుని ఫైల్ పక్కన పెట్టేశారు. ఆ హాస్పిటల్ ఆఫీసులో ఎవరూ నాకు ఆ సంగతి చెప్పలేదు, పదిసార్లు మెయిల్ పెడితే 'ప్రాసెస్‌లో ఉంది' అనే ఒక్క ముక్కే. చివరికి నేనే వెళ్లి కౌంటర్ దగ్గర రెండు గంటలు నిలబడితే ఒక క్లర్క్ స్క్రీన్ నావైపు తిప్పి చూపించాడు, ఒక పేరుకి ఎర్ర గుర్తు. అప్పుడు నోటరీ అఫిడవిట్ ఇచ్చాను, వారంలో కార్డు వచ్చింది. ఆ నాలుగు నెలలూ ల్యాబ్‌లో నా వంతు ఎలుకల ప్రయోగం ఇంకొకరు చేశారు, పేపర్లో నా పేరు రెండో స్థానానికి పోయింది. ఇప్పటికీ బాధే.

మీ పాపకి చెప్పండి మావయ్య గారూ, ప్రతి ఫారంలో పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే, స్పెల్లింగ్, స్పేస్‌తో సహా. 'ఇతర పేర్లు' అనే గడి ఖాళీగా వదలకుండా ఇనీషియల్‌తో ఉన్న రూపం అక్కడ రాయాలి. పీహెచ్‌డీ పట్టాని యూనివర్సిటీ నుంచే నేరుగా సరిచూస్తారు, మన దగ్గర ఆ జవాబు రావడానికి టైం పడుతుంది, కాబట్టి ఎగ్జామినేషన్ సెక్షన్‌కి ఎవరినైనా ఇప్పుడే పంపించి మాట్లాడించండి.

ఇంకోటి, ట్రైనింగులు చాలా ఉంటాయి. ప్రైవసీ, ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ, మనుషుల మీద పరిశోధన నియమాలు. విసుగొస్తుంది కానీ కారణం ఉంది. 2006 మేలో ఒక వీఏ ఉద్యోగి ఇంట్లోంచి ల్యాప్‌టాప్, హార్డ్ డ్రైవ్ దొంగలెత్తుకుపోయారు, అందులో 2 కోట్ల 65 లక్షల మంది వివరాలున్నాయి. అది మళ్లీ దొరికింది గానీ అప్పటినుంచి డేటా విషయంలో వాళ్లు చాలా గట్టి. పేషెంట్ డేటా ఒక్క వరుస కూడా సొంత ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేయకూడదు. ఇంట్లో కూర్చుని గ్రాఫ్ వేసుకుందామనే ఆలోచనే వద్దు.

సోంపేట_సుబేదార్

అటాచ్‌మెంట్ అనగానే సగం బరువు దిగిపోయిందమ్మా. ఆర్మీలో పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు వివరాలు నమోదు చేసే ఉత్తర్వు) పడనిదే ఏదీ జరిగినట్టు కాదు, అందుకే కాగితం చూస్తే భయం. ఈమెయిల్ రాయమన్నాను, రాసింది.

ఇంకొక అనుమానం. కొన్నాళ్లు ఇలా చేస్తే అక్కడే పర్మనెంట్ చేసి, సొంతంగా గ్రాంట్ పెట్టుకోనిస్తారా? పాపకి ఆ ఆశ ఉన్నట్టుంది. ఇంకా, కనిపెట్టినదాని మీద హక్కు గురించి సంతకం అంటే ఏమిటి?

బొబ్బిలి_కోట

హక్కు సంగతి ముందు. ఆ అపాయింట్‌మెంట్ కింద ఏదైనా కొత్తది కనిపెడితే వీఏకి తెలియజేస్తానని, అందులో ప్రభుత్వానికి హక్కు ఉండొచ్చని ఒప్పుకోవడం. యూనివర్సిటీతో కూడా ఇలాంటిదే సంతకం పెట్టి ఉంటుంది. ఈ రెండు సంస్థల మధ్య ఒప్పందం ఉందో లేదో టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసులో కనుక్కుంటే చాలు, సంతకం మానక్కర్లేదు.

పర్మనెంట్ విషయంలో ఆశ పెట్టేలా చెప్పలేను, ఉన్నదున్నట్టు చెప్తాను. వీఏ రీసెర్చ్ డబ్బు బయటివాళ్లకి ఇచ్చేది కాదు, ఇంటి డబ్బు ఇంటివాళ్లకే. వాళ్ల ముఖ్యమైన గ్రాంట్ పేరు మెరిట్ రివ్యూ. దాన్ని నడిపే శాస్త్రవేత్తకి కనీసం ఎనిమిదింట ఐదు వంతుల వీఏ ఉద్యోగం ఉండాలి, అంటే వారానికి 25 గంటలు. జీతం లేని అపాయింట్‌మెంట్ ఆ లెక్కలోకి రాదు. డాక్టరైతే జీతం హాస్పిటల్ వైద్యం పద్దు నుంచి వస్తుంది, గ్రాంటులోంచి తీయరు. మీ పాపలాంటి పీహెచ్‌డీ వాళ్ల జీతం మాత్రం గ్రాంటులోనే అడగొచ్చు, అంటే గ్రాంటు ఆగితే జీతం కూడా ఊగుతుంది. కుర్ర శాస్త్రవేత్తల కోసం కెరీర్ డెవలప్‌మెంట్ అవార్డు అని ఇంకోటి ఉంది, టైంలో 75 శాతం పరిశోధనకే ఇవ్వాలి, దానికైనా హాస్పిటల్ ముందుకొచ్చి 'ఈమెని మేం తీసుకుంటాం' అనాలి.

పౌరసత్వం పెద్ద గోడ. వీఏలో జీతమున్న ఉద్యోగానికి ముందు అమెరికా పౌరులనే చూస్తారు, అర్హులైన పౌరులు దొరకలేదని చూపిస్తేనే బయటివాళ్లకి అవకాశం. అలా వచ్చిన భారతీయులు లేకపోలేదు, నాకు తెలిసినవాళ్లున్నారు, కానీ వాళ్లని నిలబెట్టుకోవడానికి ఆ విభాగం పెద్దలు నెలల తరబడి కాగితాలు రాశారు. పైగా రీసెర్చ్ స్టాఫ్‌లో చాలామంది టర్మ్ మీదే ఉంటారు, గడువు పెట్టి పెంచుకుంటూ పోవడమే. 2025 జనవరి 20న ఫెడరల్ నియామకాలు ఆపేస్తూ ఆదేశం వచ్చినప్పుడు మా బిల్డింగులో జనం ఎంత హడలిపోయారో చూశాను. ఏళ్లుగా ఒకే స్టడీలో పేషెంట్లకి ఫోన్లు చేసే కోఆర్డినేటర్లు, వాళ్ల పేర్లు పేషెంట్లకి నోటికొచ్చు. స్టాఫ్ పోతే స్టడీ పోతుంది, ఫ్రీజర్లో శాంపిళ్లు మిగులుతాయి. అందుకే పాప యూనివర్సిటీ జీతం వదులుకోకుండా అటాచ్‌మెంట్‌గా ఉండడమే ఇప్పటికి మంచిదని నా గట్టి అభిప్రాయం.

కానీ పని మాత్రం చేయదగ్గ పని బాబాయ్ గారూ. మీరు బీపీ మాత్ర వేసుకుంటారా? అధిక బీపీని మందుతో తగ్గిస్తే ప్రాణాలు నిలబడతాయని గట్టిగా రుజువు చేసింది 1967లో వీఏ హాస్పిటళ్ల ట్రయలే, 143 మంది మీద చేశారు. 1970లో బీపీ అంత ఎక్కువ లేని 380 మంది మీద రెండో భాగం వచ్చింది. ఇన్సులిన్‌ని రక్తంలో కొలిచే పద్ధతికి 1977లో నోబెల్ తీసుకున్న రోజలిన్ యాలో పనిచేసింది న్యూయార్క్ బ్రాంక్స్ వీఏలో. 2011లో మొదలుపెట్టిన మిలియన్ వెటరన్ ప్రోగ్రాంకి 2023 నవంబరుకి 10 లక్షల మంది మాజీ సైనికులు రక్తం, ఆరోగ్య వివరాలు ఇచ్చారు.

పలాస_జీడిపిక్క

ఈ చర్చ చదువుతుంటే చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మన జిల్లా ఉద్దానంలో, అంటే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఏడు మండలాల్లో, ఆ జబ్బు మీద ఒక ప్రాజెక్టులో చేశాను, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెలన్నీ తిరిగాను. పొద్దున్న ఆరింటికి ఐస్ బాక్సు భుజాన వేసుకుని వెళ్తే గుమ్మాల్లో మంచాల మీద కూర్చున్నవాళ్లు చెయ్యి చాపేవాళ్లు. రెండోసారి వెళ్లినప్పుడు ఒక ముసలమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని 'పోయినసారి తీసిన రగతం ఏటయింది బాబూ' అంది. నా దగ్గర జవాబు లేదు. ప్రాజెక్టు గడువు అయిపోయింది, మా కాంట్రాక్టులు అయిపోయాయి, మేం ఎనిమిది మందిమి తలో దిక్కు పోయాం. రిపోర్టులు ఎవరు పంపాలో తేలలేదు. స్టాఫ్ పోతే స్టడీ పోతుందని అక్క అన్నది ఇక్కడ నేను కళ్లారా చూశాను.

అయినా ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. ఆ ఏడు మండలాల నుంచి పట్టాళంలోకి వెళ్లిన కుర్రాళ్లున్నారు. పద్దెనిమిది ఇరవై ఏళ్లకి ఊరు వదిలి, రాజస్థాన్‌లోనో అస్సాంలోనో అక్కడి నీళ్లు తాగి, ఏటేటా మెడికల్ పరీక్ష చేయించుకుని, నలభై దాటాక ఊరికొచ్చారు. వాళ్ల అన్నదమ్ములు ఇక్కడే కొబ్బరి, జీడి తోటల్లో ఎండలో పనిచేస్తూ ఉండిపోయారు. ఒకే తల్లి బిడ్డలు, వేరే నీళ్లు, వేరే పని. ఈ జబ్బుకి కారణం ఇంకా తేలలేదు కదా, ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏదైనా తెలియదా? మాజీ సైనికులకి 2003 ఏప్రిల్ నుంచి ఈసీహెచ్ఎస్ అనే వైద్య పథకం ఉంది, కార్డులున్నాయి, వైద్యం రికార్డులున్నాయి. వాళ్ల అనుమతి తీసుకుని, ఐదేళ్లైనా కదలని స్టాఫ్‌ని పెట్టి చేయాలి. సుబేదార్ గారూ, మీ పాపకి ఇది చెప్పి చూడండి.

సోంపేట_సుబేదార్

అందరికీ చాలా థాంక్స్. అప్డేట్ చెప్తున్నాను. డిపార్ట్‌మెంట్ నుంచి రాతలో జవాబు వచ్చింది. జీతం యూనివర్సిటీదే, ఎన్ఐహెచ్ గ్రాంట్ మీద, ఇంకా రెండేళ్ల మూడు నెలలుంది. ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్లు కొత్త అడ్రస్ చేర్చాకే వెళ్లమన్నారు, సోమవారం ఆ పని. పేర్ల సంగతి కూడా సరిగ్గా చెప్పారు బాబూ, పదో తరగతి మెమోలో పాప ఇంటిపేరు ఇనీషియలే ఉంది. అఫిడవిట్ ఇప్పుడే తయారుచేసి పెట్టుకోమన్నాను.

పలాస తమ్ముడూ, నువ్వు రాసింది చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. మా తమ్ముడు నాకంటే మూడేళ్లు చిన్న. తోట చూసుకుంటూ ఊర్లోనే ఉన్నాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్, నేనే తీసుకెళ్తాను. నా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) పోయిన నెల 1.1 వచ్చింది, అంటే మామూలుగానే ఉంది. ఇది అదృష్టమే అనుకున్నాను గానీ ఇందులో చూడాల్సింది ఉందని ఎప్పుడూ తట్టలేదు.

రాత్రి పాపతో మాట్లాడాను. తను చేసేది కూడా కిడ్నీ కణాల మీదేనట, నాకు ఇన్నాళ్లూ సరిగ్గా తెలీదు. 'నాన్నా, మీ సర్వీసులో మెడికల్ కాగితాలు ఉన్నాయా' అని అడిగింది. ట్రంకు పెట్టె దించాను. 1990 నుంచి ఉన్నాయి, రెండు మాత్రం చెదలు పట్టాయి. మా తమ్ముడివి ఆసుపత్రి ఫైలు ఒకటుంది. నీ నంబరు ఇక్కడ పెట్టకు, పాప ఈ సైట్లోనే నీకు మెసేజ్ పెడుతుంది, చూడు.